చెరిపేయమన్న ఎర్ర చుక్కలు

హైటెక్ సిటీలో నేను పనిచేసే కంపెనీకి ఒక సేవా విభాగం ఉంది. ఆడవాళ్లు నడిపే పర్యావరణ సంఘాలకి మా ఉద్యోగులు సెలవు రోజుల్లో కంప్యూటర్ పనులు నేర్పాలని, కావలసిన చిన్న యాప్‌లు చేసిపెట్టాలని ఆ విభాగం ఒక పథకం పెట్టింది. నేను పేరిచ్చాను. గొప్ప ఆశయంతో ఏమీ కాదు. కొత్తగూడలో అద్దె ఇంట్లో ఒంటరిగా ఉంటాను, శనివారాలు గడవవు, అంతే.

నాకు అప్పగించిన సంఘం నగరం ఆ చివర, ఒక పారిశ్రామికవాడ గోడల పక్కనున్న బస్తీలో ఉంది. దాన్ని నడిపే ఆవిడ ఒకప్పుడు అంగన్‌వాడీ టీచరు. అందరూ అక్క అంటారు, నేనూ అక్కా అనే పిలిచాను. మొదటి రోజు నేను తీసుకెళ్లిన పాఠాల ఫైలు తెరవబోతే ఆపింది.

"ఫోను మాకొస్తది మేడం. అది నేర్పనక్కర లేదు. మా పరేషాన్ వేరే ఉంది, జర అది వినున్రి."

ఆ పరేషాన్ ఏంటంటే వాసన. వాన పడితే చాలు, కొన్ని ఫ్యాక్టరీలు రసాయనాల నీళ్లు బస్తీ పక్క మురుగు నాలాలోకి వదిలేస్తాయి. వాన నీటిలో కలిసిపోతాయి కాబట్టి ఎవరూ పట్టుకోలేరు. బస్తీలో కళ్లు మండుతాయి, పిల్లలు దగ్గుతారు. ఫిర్యాదు చేస్తే కాలుష్యం సంగతి చూసే ఆఫీసు వాళ్లు మర్నాడెప్పుడో వస్తారు. అప్పటికి నాలా మామూలుగా పారుతుంటుంది. వాసనకి సాక్ష్యమేదమ్మా అని అడిగి వెళ్లిపోతారు.

"ఎవరికి, ఏడ, ఎప్పుడు వాసనొచ్చిందో అన్నీ ఒక్క తాన కనబడాలె. గంతే అడుగుతున్నం" అంది అక్క.

అది చేయగలననిపించింది. ఆ శనివారాలన్నీ అక్కడే గడిపాను. కమ్యూనిటీ హాల్లో చాప మీద కూర్చుని, ఆడవాళ్లు చెబుతుంటే రాసుకునేదాన్ని. వాసన తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని మూడు బటన్లు పెడదామన్నాను. ఒకామె నవ్వింది. "వాసన ఎక్కువ తక్కువ కాదు మేడం, రకం ముఖ్యం" అంది. కుళ్లిన గుడ్డు, గోళ్ల రంగు, కాలిన రబ్బరు అని వాళ్లే మూడు పేర్లు ఖాయం చేశారు. వాసన వచ్చినప్పుడు ఫోన్లో దాని మీద నొక్కితే, నిలబడ్డ చోట మ్యాపులో ఎర్ర చుక్క పడుతుంది.

వానలు మొదలయ్యాక ఆ చుక్కలు పడటం నా ఫోన్లో చూశాను. ఆఫీసులో నా పని ఎక్కడో పరాయి దేశపు బ్యాంకు తెరల్లో తప్పులు వెతకడం. ఆ బ్యాంకుని నేనెప్పుడూ చూడలేదు. ఇక్కడ మాత్రం చుక్క పడితే అది ఎవరి గుమ్మం ముందో నాకు తెలుసు. నెల తిరిగేసరికి చుక్కలన్నీ దాదాపు ఒకే ఫ్యాక్టరీ గోడ వెంట వరుస కట్టాయి. అక్క ఆ బొమ్మని చాలాసేపు చూసింది. "ఇగ ఆఫీసోళ్లు ఏమంటరో చూస్త" అంది.

అప్పుడే మా సేవా విభాగం వార్షిక సభ వచ్చింది. మా సంఘాన్ని వేదిక మీద చూపిస్తామన్నారు. విభాగం పెద్దాయన నన్ను తన గదికి పిలిచి, కాఫీ తెప్పించాడు. చాలా మర్యాదస్తుడు.

"అద్భుతంగా చేశారండి. ఒక్క చిన్న మార్పు. ఆ ఎర్ర చుక్కలు తీసేసి, మొక్కలు నాటిన చోట ఆకుపచ్చ చుక్కలు పెడదాం."

"వాళ్లు మొక్కలు నాటలేదండి."

"నాటిద్దాం. మొక్కలు మనమే పంపిస్తాం."

ఎందుకని అడిగాను. ఆయన గొంతు తగ్గించాడు. "ఆ గోడ వెనకున్నవాళ్లు మన కస్టమర్లండి. మీకు తెలియదు కదా, అందుకే చెబుతున్నాను."

నేను మార్చనన్నాను. ఆయన చిరునవ్వుతో సరేనన్నాడు. ఆ నవ్వుకి అర్థం నాకు రిహార్సల్ రోజున తెలిసింది.

అక్క ఆ రోజు ఇస్త్రీ చీర కట్టుకుని మా ఆఫీసు ఆడిటోరియానికి వచ్చింది. పెద్దాయన ఆమె చేతికి ఒక కాగితం ఇచ్చి, ఇది చదివితే చాలమ్మా అన్నాడు. అక్క మైకు ముందు నిలబడి పైకే చదివింది.

"నాకు ఫోను ఎలా పట్టుకోవాలో కూడా తెలిసేది కాదు. చీకట్లో ఉన్న నన్ను ఈ కంపెనీ చేయి పట్టి నడిపించింది."

అక్కడ ఆగి, కాగితం దించింది. "ఇది ఎవరి గురించి రాసిండ్రు సార్?"

"మీ గురించేనమ్మా. కాస్త కదిలించేలా ఉంటేనే కదా వినేవాళ్లకి ఎక్కేది."

"నేను అంగన్‌వాడిల ఉన్నప్పటి సంది ఫోన్లనే రిపోర్టులు పంపిన. నాకు రాదని ఎవరు చెప్పిండ్రు?"

అక్క వెనక్కి తిరిగి తెర వంక చూసింది. మా మ్యాపే. కానీ గోడ వెంట ఎర్ర చుక్క ఒక్కటీ లేదు. బస్తీ నిండా ఆకుపచ్చ చుక్కలు. నన్ను చూసింది.

"నీకు ఎరుకేనా?"

"తీసెయ్యమన్నారక్కా. నేను తియ్యనన్నాను. వేరే ఎవరితోనో చేయించినట్టున్నారు."

అక్క కాగితాన్ని మడిచి మైకు పక్కన పెట్టింది. "మొక్కలు పెడితే గోడ అవతలి నీళ్లు ఆగుతయా సార్?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా మెట్లు దిగింది. నేనూ ఆమె వెంటే బయటికొచ్చాను. మెట్రో స్టేషన్ దాకా కలిసి నడిచాం. టికెట్ తీసుకున్నాక, "చుక్కలు తీసిండ్రంటే వాళ్ల భయం వాళ్లది అనుకుంట. నన్ను ఏమీ రానిదాన్ని చేసిండ్రు చూడు, గది మింగుడు పడదు నాకు" అంది.

సభ ఆగలేదు. ఎవరివో చేతులు మట్టిలో మొక్క నాటుతున్న వీడియో వేశారు. లిఫ్టు దగ్గర పోస్టర్లో నా ఫొటో పెట్టి, కింద మార్పుకి మార్గదర్శి అని రాశారు. తీసెయ్యమంటే అచ్చయిపోయిందన్నారు. రోజూ నా మొహం కిందే నిలబడి లిఫ్టు కోసం చూసేదాన్ని.

తరవాతి వానకి అక్క ఫోన్ చేసింది. ఎంత నొక్కినా చుక్క పడటం లేదని. కనుక్కుంటే, పథకం గడువు ముగిసింది కాబట్టి యాప్ ఆపేశామన్నారు. యాప్ కంపెనీ ఖాతాలో ఉంది, అందులోని సమాచారం కూడా కంపెనీదేనట. బస్తీ ఆడవాళ్లు వానలో తడుస్తూ, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని నమోదు చేసినది కంపెనీదెలా అవుతుందని మెయిల్ రాశాను. జవాబు రాలేదు. మా మేనేజర్ మాత్రం పక్కకి పిలిచి, "ఎందుకంత పర్సనల్‌గా తీసుకుంటావు? మంచి పనే కదా చేశాం" అన్నాడు.

ఆ మాటకి ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది. మంచి పని ఎవరికి? చెరువు గట్టున చీపురు పట్టుకుని ఫొటో దిగడానికి వీళ్లకి పర్యావరణం కావాలి. చెరువులోకి ఏం వస్తోందని అడిగేవాళ్లు మాత్రం వద్దు. సాయం తీసుకున్న మనిషి ముందు తనకేమీ తెలియదని ఒప్పుకోవాలి, తరవాత చప్పట్లు కొట్టాలి, ఆ పైన ఇచ్చింది లాక్కున్నా నోరెత్తకూడదు. దీనికి సేవ అని పేరు పెట్టుకున్నారు.

నేను సొంత లాప్‌టాప్ పట్టుకుని మళ్లీ ఆ కమ్యూనిటీ హాలుకి వెళ్లాను. వెళ్లేముందు సిగ్గేసింది. కానీ అక్క చాప పరిచింది. మొదటి నుంచి అంతా కొత్తగా రాశాను. ఈసారి ఖాతా సంఘం పేరు మీద తెరిచాం. పాస్‌వర్డ్ అక్క దగ్గర, ఇంకో ఇద్దరి దగ్గర ఉంది. పాత చుక్కలు అన్నీ తిరిగి రాలేదు. వాట్సాప్ గ్రూపులో వాళ్లు అప్పట్లో పెట్టుకున్న మెసేజీలు వెతికి కొన్నింటిని మళ్లీ పెట్టాం. చిన్న పిల్లాడికి ఆయాసమున్న ఒక తల్లి, తన మెసేజీలన్నీ ఓపిగ్గా చదివి వినిపించింది. ప్రతిదాంట్లో ముందు దవాఖాన మాటే ఉంది.

తరవాతి వానాకాలం అక్క ఆ మ్యాపు పట్టుకుని కాలుష్యం ఆఫీసుకి వెళ్లింది. ఒక అధికారి చూసి, ఈసారి వాన పడుతుండగానే తన మనుషుల్ని పంపాడు. గోడ దగ్గర నీళ్లు సీసాల్లో పట్టుకెళ్లారు. ఫ్యాక్టరీకి నోటీసు వెళ్లింది. కొన్నాళ్లు ఆ గోడ వెంట చుక్కలు పడలేదు. మేము సంతోషించాం. తరవాత నాలా దిగువన, ఇంకో మలుపు దగ్గర పడటం మొదలైంది. "జాగ మార్చిండ్రు" అంది అక్క, మరో ఫిర్యాదు రాసుకుంటూ.

ఆ ఏడు ఆఫీసు రివ్యూలో, అందరితో కలిసిపోవడం నేర్చుకోవాలని నా గురించి రాశారు. వాలంటీర్ల గ్రూపు నుంచి నా పేరు తీసేశారు.

ఈమధ్య గోపన్‌పల్లి నుంచి ఒకామె ఫోన్ చేసింది. అక్కడో కుంట పూడ్చకుండా కాపలా కాస్తున్న ఆడవాళ్ల సంఘం వాళ్లది. నా నంబరు అక్క ఇచ్చిందట.

"మీ కంపెనీ వాళ్లు మాకు ఫిరీగ యాప్ చేసిస్తమంటున్నరు మేడం. ఒప్పుకోమంటరా?"

"ఒప్పుకోండి. కానీ ఖాతా మీ పేరు మీదే తెరవమనండి. కాదంటే టీ ఇచ్చి పంపించెయ్యండి."

ఆ మాట రాతపూర్వకంగా అడగాలా, నోటితో అడిగితే చాలా అని ఆమె అడిగింది. రాయించుకోమన్నాను.