మంత్రిగారు నొక్కిన బటన్

ఆక్లాండ్ సిటీకి వెళ్ళే బస్సులో, పాపటోయిటోయి దగ్గర ఎక్కి నా పక్కన కూర్చున్న నల్గొండ అమ్మాయి పేరు నేను అడగలేదు. మనవాళ్ళంతా కంప్యూటర్లు చదివే చోట ఆమె పందొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి మంత్రి ఒకాయన మీద థీసిస్ రాస్తోంది.

“రాజు దగ్గర చేసిండు, రిపబ్లిక్‌ల చేసిండు, చక్రవర్తి దగ్గర గూడ చేసిండు అంకుల్. ఆఖరికి తీసేసిన్రు. చివరి చాప్టర్‌ల పదవుల లిస్టే ఉంది, మనిషి లేడని మా గైడ్ మేడమ్ తిప్పి పంపింది. ఈ సాయంత్రం మళ్ళ ఇయ్యాలె. నచ్చకపోతే ఫెయిలే.”

ఫెయిలన్న మాట కూడా వాతావరణ వార్త చదివినట్టు చెప్పింది.

“నేను హైదరాబాద్ సెక్రటేరియట్‌లో ముగ్గురు మంత్రులకు పీఏగా చేశానమ్మా,” అన్నాను.

“అయితే చెప్పుండ్రి. పదవి పోయిన రోజు మంత్రి ఏం చేస్తడు?”

ఆమె పెన్ను తీసేసరికి నాకు ఇంకో అబద్ధం రాలేదు.

“పీఏని కాదమ్మా, లిఫ్ట్‌మ్యాన్‌ని. రోజూ మా మంత్రిగారు చేతులు కట్టుకుని నిలబడితే లిఫ్ట్ బటన్ నేను నొక్కేవాణ్ణి. పదవి పోయిన రోజు ఆయనే నొక్కుకున్నాడు. నేను స్టూల్ మీంచి లేవలేదు.”

“మీకేమనిపించింది?”

“ఏమీ అనిపించలేదు. ఆయన మొహంలోనూ ఏమీ లేదు.”

ఆమె అంతా రాసుకుంది. తన స్టాప్ వస్తుంటే బస్సు ఆపమనే బటన్ మీదికి చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుంది.

“మీరే నొక్కుండ్రి అంకుల్.”

లేచి నొక్కాను. మోకాళ్ళు అరిగిపోయాయని ఊరంతా చెప్పుకునేవాణ్ణి, ఆమె దిగిపోయేదాకా నిలబడే ఉన్నాను.