విప్పకుండనే విప్పినని చెప్పిన వైరింగు

దయ్యాలంటే నాకు నవ్వు. కొత్తగూడ చౌరస్తా పక్కన ఇరవై ఏండ్లుగా బండ్ల ఎలక్ట్రికల్ పని చేస్తున్న. కరెంటొస్తే నడుస్తది, రాకుంటే ఆగుతది, అంతే. ఆదివారం చర్చికి పోతా. బండ్లకు కట్టిన నిమ్మకాయలు, మిరపకాయలు చూసి పరాచికాలాడుతా. గిదంతా చెప్పుకోవాలంటే సిగ్గయితుంది, కానీ చెప్పకుంటే నిద్ర పడతలేదు.

యాదగిరన్న పాత నీళ్ల ట్యాంకర్ లారీ నడిపేటోడు. బండి ఆయనది కాదు, యజమాని వేరే. తెల్లాపూర్ అపార్ట్‌మెంట్లకు నీళ్లు పోసుడు ఆయన పని. ఆ లారీ నడుస్త నడుస్తనే టక్కున బందయ్యేది. జరసేపటికి మళ్ల స్టార్టయ్యేది. నా షెడ్డుకొస్తే మాత్రం ఏ రోగం లేనట్టుండేది. దవాఖాన గడప తొక్కంగనే జరం తగ్గినట్టు.

"సక్కగ చూడు డేవిడ్ తమ్మీ. ఇంకోసారి రోడ్డు మీద ఆగితే నా నౌకరి పోతది," అన్నడు.

బ్యాటరీ చూసిన, ఫ్యూజులు చూసిన, తాళం స్విచ్చి కొత్తది ఏసిన. నేనే రాయదుర్గం మెట్రో దాక నడిపి తెచ్చిన. ఒక్కసారి గూడ ఆగలె.

"ఆగినప్పుడు మాట్లాడాలె తమ్మీ. 'లే లచ్చిమీ, జర పోదాం పా' అంటే లేస్తది," అనుకుంట డాష్‌బోర్డు తట్టిండు. నేను పడిపడి నవ్విన. లారీనా, నీ మేనకోడలా అన్న.

ఇగ మిగిలింది డాష్‌బోర్డు కిందున్న వైరింగు కట్ట. అది దించాలంటే బోర్డంతా ఊడదీయాలె, ఒక పూట పని. బద్ధకమైంది. యజమాని ఫోన్ చేస్తే, మా పనోళ్లందరి నోట్లె ఉండే మాటే అనేసిన.

"మొత్తం విప్పి చూసిన సార్. బండిల ఏం లేదు."

మరెందుకు ఆగుతుందంటే, డ్రైవర్ సక్కగ నడుపుతలేడేమో అన్న. ఆ సాయంత్రమే యాదగిరన్నను పనిలకెళ్లి తీసేసిన్రు.

తెల్లారి కొత్త డ్రైవర్ తాళం తిప్పితే ఇంజన్ గిరగిర తిరిగింది గని అందుకోలె. గుంజుకొచ్చి నా షెడ్డుల పడేసిన్రు. అప్పుడు విప్పిన.

తాళం స్విచ్చి నుంచి డీజిల్ వాల్వుకు కరెంటు మోసే వైరు ఒకటుంటది. అది తెగితే ఇంజన్‌కు డీజిల్ పోదు. ఆ వైరు రెండు ముక్కలై ఉన్నది. నడుమ రెండు వేళ్ల సందు. కొసలు పచ్చగ చిలుము పట్టినయ్, సందుల దుమ్ము గట్టిపడి ఉన్నది. నిన్న మొన్న తెగింది కాదు. పైన చుట్టిన పాత టేపు ఎవ్వరూ ముట్టలె. మీటర్ పెట్టి చూసిన, ఆవలి దిక్కు సున్నా. ఇంకో దారిల కరెంటొస్తుందేమోనని ప్రతి వైరు పట్టి చూసిన. లేదు. కొత్త వైరు కలిపితే ఒక్క సెల్ఫ్‌కే లేచింది.

మరి నేను రాయదుర్గం దాక నడిపిన లారీ దేని మీద నడిచినట్టు?

యజమానికి ఫోన్ చేసి తప్పు నాదే అన్న. కొత్తోడు దొరికిండు కదయ్యా అని పెట్టేసిండు.

యాదగిరన్న రాయదుర్గంల ఓ ఆఫీసు గేటు కాడ సెక్యూరిటీగ చేరిండని తెలిసి పోయిన. వదులుగున్న యూనిఫాంల నిలబడ్డడు. నన్ను చూసి నవ్విండు. "నువ్వు మొత్తం విప్పి చూసి ఏం లేదన్నవంటే, తప్పు నాదే అయ్యుంటది తమ్మీ," అన్నడు.

తల కొట్టేసినట్టయింది. విప్పలేదన్నా అని చెప్పిన. తెగిన వైరు సంగతి చెప్పిన. అది లేకుండ బండి ఎట్ల నడిచిందో నాకు అప్పుడూ తెల్వలె, ఇప్పుడూ తెల్వదు. ఆయన్నే అడిగిన.



"నాకేమెరుక తమ్మీ. జర పోదాం పా అని అడిగిన, అది వచ్చింది," అన్నడు. "సక్కగ చూడమని నిన్ను గూడ అడిగిన కద."