చెరపని లెక్క

చికాగో శివార్లలోని ఒక యూదుల స్కూల్లో ఐదో తరగతికి లెక్కలు చెబుతాను. పొద్దున పూట పిల్లలకు హీబ్రూ, వాళ్ళ ధర్మశాస్త్రం. మధ్యాహ్నం ఇంగ్లీషు, సైన్సు, నా లెక్కలు. చేరిన కొత్తలో నా చేతిలో డస్టర్ ఊరుకునేది కాదు. బోర్డు మీద తప్పు కనబడితే చాలు, తుడిచేసి సరైనది రాసేదాన్ని. చిన్నప్పుడు నేను లెక్కలు నేర్చుకున్నదీ అలాగే.

ఒక అమ్మాయి రెండుసార్లు బోర్డు దగ్గరికొచ్చి తప్పు చేసింది. రెండుసార్లూ తుడిచేశాను. ఆ తర్వాత నా క్లాసులో నోరు మెదపలేదు. టెస్ట్ పేపరు కూడా ఖాళీగా ఇవ్వడం మొదలుపెట్టింది. నాకు భయం పట్టుకుంది. ఇలాగే మిడిల్ స్కూల్‌కి వెళితే ఈ పిల్ల జన్మలో లెక్కల జోలికి పోదు, ఆ పాపం నాదే.

పొద్దున క్లాసులో మాత్రం ఆ పిల్ల నోటికి అడ్డే లేదని హీబ్రూ టీచర్ చెప్పింది. నమ్మలేక ఒకరోజు వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నాను.

పిల్లలు ఇద్దరిద్దరుగా ఒకే పుస్తకం మీదకు వంగి పోట్లాడుకుంటున్నారు. చేపల మార్కెట్టే నయం. టీచరేమో కాఫీ తాగుతూ సంతోషంగా తిరుగుతోంది. దారిలో దొరికిన వస్తువు ఎవరిదన్నది పాఠం. ఎప్పటివాళ్ళో పండితులు, అందరూ ఒకటన్నారు, ఒక్కాయన కాదన్నాడు. ఆయన మాట చెల్లలేదు. నా క్లాసులో నోరు మెదపని ఆ అమ్మాయే ఆయన పక్షాన బల్ల గుద్ది వాదిస్తోంది.

చెల్లని మాటను పుస్తకంలో ఎందుకు ఉంచారని టీచర్‌ని మెల్లగా అడిగాను.

"ఆలోచించే చెప్పాడు కదా. ఎప్పటికైనా ఎవరికైనా పనికొస్తుందని ఆయన పేరుతో సహా రాసిపెట్టారు," అంది.

 ఓడిపోయిన ఒక మాటను ఇన్ని వందల ఏళ్ళు, ఊళ్ళూ దేశాలూ మారుతూ, మోసుకొచ్చి పదేళ్ళ పిల్లల ముందు పెట్టారు. నేను బోర్డు మీద ఒక తప్పును రెండు నిమిషాలు ఉంచలేకపోయాను. సిగ్గేసింది.

ఆ మధ్యాహ్నం ఆ అమ్మాయిని బతిమాలి బోర్డు దగ్గరికి పిలిచి, సగానికి మూడో వంతు కలపమన్నాను. పై అంకెలు పైవాటికి, కింది అంకెలు కిందివాటికి కలిపేసి అయిదింట రెండు వంతులని రాసింది. నా చెయ్యి డస్టర్ మీదకు పోయింది. దాన్ని డ్రాయర్లో పడేసి, ఈ జవాబు పక్షాన ఎవరు వాదిస్తారని క్లాసుని అడిగాను. పొద్దుటి గోలే మళ్ళీ మొదలైంది. ఆ గోలలో ఆ పిల్ల బోర్డును చాలాసేపు చూస్తూ నిలబడింది.

"సగానికి ఇంకొంచెం కలిపాను," అంది చివరికి. "మరి సగం కన్నా తక్కువ ఎలా వచ్చింది?"

అన్నీ ఆరో వంతులుగా మార్చుకుని, ఆరింట అయిదు వంతులని తనే తేల్చింది. తర్వాత నా వైపు తిరిగింది.

"పైది ఉంచొచ్చా, మిస్?"

ఉంచమన్నాను. ఆ తప్పు జవాబు పక్కన తన పేరు రాసి, వెళ్ళి కూర్చుంది.