నాన్న నేర్చుకున్న జోకు

వారమంతా ఆస్పత్రిలో డ్యూటీలు చేసి, ఆదివారం మధ్యాహ్నం సోఫాలో వాలిపోయాను. సెకండ్‌హ్యాండ్ షాపులో దొరికిన పాత బ్రిటిష్ కామెడీ సీరియల్ డీవీడీ పెట్టాను. ఒక్కో మాటకీ తెర వెనకనుంచి జనం ఘొల్లుమంటున్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు, నాన్న గుర్తొచ్చారు.

మేం దేశం విడిచి క్రైస్ట్‌చర్చ్ వచ్చిన కొత్తలో నాకు ఏడేళ్లు. నాన్న ఆఫీసునుంచి వస్తూనే, బూట్లయినా విప్పకుండా లైబ్రరీనుంచి తెచ్చిన ఈ సీరియల్ వీడియో క్యాసెట్ పెట్టేవారు. జోకు దగ్గర ఆపి, వెనక్కి తిప్పి, పెదాలు కదుపుతూ మళ్లీ వినేవారు. ఆయనకు అదంటే అంత ఇష్టమనుకున్నాను. టీవీలో జనం నవ్వగానే నేనూ నవ్వేదాన్ని.

ఒక శనివారం ఆయన మేనేజర్ మా ఇంటికి భోజనానికొచ్చాడు. పులిహోర వడ్డిస్తూ నాన్న ఆ జోకుల్లో ఒకటి ఇంగ్లీషులో చెప్పారు. ఎవరూ నవ్వలేదు. అమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఇక్కడ నవ్వాలి కదా అని నేను పగలబడి నవ్వాను. నన్ను చూసి మేనేజర్ కూడా నవ్వేశాడు.

అతను వెళ్లాక నాన్న నన్ను దగ్గరకు తీసుకున్నారు.

"నీకు అర్థమైందా తల్లీ?"

"లేదు నాన్నా. మరి నీకు?"

"నాకూ కాలేదమ్మా," అన్నారు, కళ్లు మూసుకుని.

ఆయన ఆ సీరియల్ ఇష్టంగా చూడలేదు. టీ బ్రేక్‌లో తోటి ఉద్యోగులతోపాటు నవ్వగలగడానికి, ఆఫీసు పని అయ్యాక ఇంటికొచ్చి ఇంకో పని చేశారు. ఆ అలసట ఎలాంటిదో నేను ఉద్యోగంలో చేరాకే తెలిసింది.