కాల్షియం డబ్బా

ఐదేళ్ళు దాటింది, ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవడానికి ఇంట్లో ఎవరున్నారు గనక? ఏలూరులో ఒక గది, ఒక స్టవ్వు, నేను. అందుకే మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, అదొక్కటే ధైర్యం.

హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళకు మందులిచ్చే కేంద్రంలో కౌన్సిలర్ని. నా ఉద్యోగంలో సగం పని మాట్లాడటం, మిగతా సగం నోరు మూసుకోవడం. మా దగ్గరకు మందులకొచ్చే ఒకామెకు చెప్పాను ఆ అబద్ధం. ఆమె పేరు చెప్పను. కొల్లేరు లంకల్లో ఊరు. కడుపుతో ఉన్నప్పుడు చేసిన పరీక్షలో బయటపడింది. భర్తకూ ఉంది. అత్తగారికి తెలియదు. మందులు మానితే బిడ్డకు సోకవచ్చు, మందుల సీసా కంటబడితే ఆ ఇంట్లో బతకనివ్వరు. అందుకని ఆమె ఒక ఖాళీ కాల్షియం డబ్బా తెచ్చుకునేది. సీసాలోని మాత్రలు నేనే అందులో పోసి ఇచ్చేదాన్ని. కడుపుతో ఉన్న మనిషి కాల్షియం మింగుతుంటే ఎవరు ఆరా తీస్తారు?

లాక్‌డౌన్ వచ్చింది. బస్సుల్లేవు. వాళ్ళ ఊరి చెరువులకు చేపల మేత తీసుకెళ్ళే వ్యాను డ్రైవరు చేత ఖాళీ డబ్బా పంపేది, నేను నింపి తిరిగి పంపేదాన్ని. రెండుసార్లు బాగానే జరిగింది. మూడోసారి డబ్బా వచ్చిన వారమే, నా పక్క బల్ల దగ్గర కూర్చునే ఆయనకు కరోనా అని తేలింది. డబ్బా ముట్టుకోబుద్ధి కాలేదు. ఎన్ని చేతులు మారి వచ్చిందో! ముట్టుకుంటే హెచ్‌ఐవీ అంటుకోదని రోజూ పదిమందికి పాఠం చెప్పే నేను, ఒక ప్లాస్టిక్ డబ్బాను చూసి వణికాను. అది కరోనా భయమేనా? లేక ఇన్నేళ్ళ పాఠాల కింద నాలో దాక్కున్న వేరే భయమా? ఎన్నిసార్లు నన్ను నేను ప్రశ్నించుకున్నా తేలలేదు. ఇంకో డబ్బా వెతకొచ్చు కదా. వెతకలేదు. సీసాలను లేబుళ్ళతోనే కవర్లో చుట్టి డ్రైవరుకు ఇచ్చేశాను.

కవరు ఆమె ఆడపడుచు చేతిలో పడింది. చదువుకున్న పిల్ల. మందు పేరు ఫోన్లో కొట్టి చూసిందట. ఎనిమిదో నెల గర్భిణిని చెరువు గట్టు మీది కాపలా పాకలోకి పంపించేశారు. భర్త తల దించుకుని నిలబడ్డాడట. పాకలోనూ ఆమె ఒక్క పూటా మందు మానలేదు. నొప్పులొచ్చాక అంబులెన్సులో ఒంటరిగా వచ్చి ఏలూరులో కన్నది.

మర్నాడు వార్డుకు వెళ్ళాను.

“ఏవండీ మేడంగారూ, ఈసారి సీసాలెందుకు పంపారండీ?” అంది. గొంతులో కోపం లేదు. ఉంటే నిజం చెప్పేదాన్నేమో. ఏమో, ఇదీ నాకు నేను చెప్పుకునే సాకే కావచ్చు.

“ఆ రోజు నేను డ్యూటీలో లేనమ్మా. ఎవరో కొత్తవాళ్ళు పంపేశారు.”

“అదేనండీ, నేనూ అలాగే అనుకున్నాను. మీరుంటే ఇలాగయ్యేది కాదండీ.”

పాపకు సోకలేదు. పద్దెనిమిదో నెలలో చేసిన పరీక్షలోనూ లేదనే వచ్చింది. దాంతో నా గుండె బరువు దిగుతుందనుకున్నాను. దిగలేదు. ఆమెను ఆ ఇంటికి మళ్ళీ రానివ్వలేదు. తాడేపల్లిగూడెంలో ఒక హోటల్లో గిన్నెలు కడుగుతూ, పాపను ఒక్కతే పెంచుకుంటోంది. ఆ ఒంటరితనం నా చేతి చలవే.

మొన్న ఒక అమ్మాయిని వెంటబెట్టుకుని వచ్చింది. ఐదో నెల, కొత్తగా తెలిసిందట. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. ఈ మేడంగారికి ఏదైనా చెప్పుకోవచ్చని, ప్రాణం పోయినా బయటపెట్టరని ఆ పిల్లకు ఆమే ధైర్యం చెప్పింది. నేను తలెత్తకుండా కార్డు రాశాను.

ఆ సాయంత్రం గదికొచ్చి ఇది మొదలుపెట్టాను. ఆ రోజు డ్యూటీలో ఉన్నది నేనే. ఆ కవరు కట్టింది నేనే. మీరు నన్ను ఏమనుకున్నా సరే. రాశాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది, అలా ఆడుతున్నందుకు సిగ్గుగానూ ఉంది. ఆమెకు మాత్రం ఇంకా చెప్పలేదు.