మా వసారాలో బైబిలు వాదం

మా నాన్నకీ బాబాయికీ మాటల్లేవు. రెండిళ్లకీ మధ్య ఒకటే గోడ. ఇటు అమ్మ ఎండుమిరపకాయలు వేయిస్తే అటు పిన్ని తుమ్మేది, అంత దగ్గర. అన్నదమ్ములు మాత్రం ఎదురుపడితే ఒకరు ఆకాశం వైపు, ఇంకొకరు చెప్పుల వైపు చూసుకుంటూ పోయేవాళ్లు.

దీనికంతటికీ బాబాయి పెళ్లే కారణం. నాన్న మా చర్చిలో సంఘ పెద్ద. బాబాయి చిలకలూరిపేట స్పిన్నింగు మిల్లులో కొన్నాళ్లు పనిచేసి, అక్కడి యూనియన్ వాళ్లతో తిరిగి, దేవుడు లేడని తేల్చుకుని ఊరికొచ్చి మళ్లీ వ్యవసాయంలో దిగాడు. పెళ్లికి చర్చి వద్దన్నాడు. యూనియన్ ఆఫీసులో దండలు మార్చుకుని, వచ్చినవాళ్లకి టీ, కారప్పూస పెట్టించాడు. ప్రార్థన లేకుండా పెళ్లేమిటని నాన్నకు ఎంత కోపమో, ఆ కారప్పూస మెత్తబడిపోయిందని అమ్మకు అంత కోపం. తర్వాత సంఘంలో బాబాయి పేరు కొట్టేద్దామన్న మాట వచ్చినప్పుడు, అందరికంటే ముందు చెయ్యెత్తింది మా నాన్నే.

నాయనమ్మ ఉండేది మా ఇంట్లో, టీ తాగేది బాబాయి ఇంట్లో. ఆమెకు ఒకటే కోరిక. తను కన్ను మూసేలోపు కొడుకులిద్దరూ ఒక చూరు కింద కూర్చుని మాట్లాడుకోవాలి. ఇంటికి ఎవరొచ్చినా ఇదే చెప్పేది. పాస్టరు గారు ప్రార్థన చేసి వెళ్లారు. యూనియన్ నాయకుడొచ్చి నచ్చజెప్పి వెళ్లాడు. దేవుడి మాటా చెల్లలేదు, యూనియన్ మాటా చెల్లలేదు. ఎవరి చూరు కింద వాళ్లే ఉండిపోయారు.

అంతలో ఆమె కళ్లకు పొరలొచ్చాయి. రోజూ సాయంత్రం బైబిలు చదువుకునే మనిషికి, పుస్తకాన్ని ముక్కుకు ఆనించుకున్నా అక్షరం దొరకడం మానేసింది. నాన్న చదివి వినిపించడం మొదలుపెట్టాడు. కొద్దిరోజులకే ఆమె గోడ దగ్గరికి వెళ్లి బాబాయితో చెప్పింది, మీ అన్న తనకు నచ్చనివి దాటేసి చదువుతున్నాడేమోనని అనుమానంగా ఉంది, నువ్వొచ్చి విను అని. ఇటు తిరిగొచ్చి నాన్నతో చెప్పింది, గ్రంథం నిండా తప్పులేనని చిన్నోడు ఊరంతా చెప్పుకుంటున్నాడు, జవాబు చెప్పే మగాడు సంఘంలో లేడా అని. రెండు మాటలూ నా ఎదురుగానే అంది. పాపం ముసలామెకు ఎన్ని దిగుళ్లో అనుకున్నాను నేను.

బాబాయి వచ్చాడు. తోడుగా యూనియన్ స్నేహితుణ్ణొకణ్ణి తెచ్చుకున్నాడు. అతనిదీ మా ఊరే, మిరప తోట ఉంది. నాన్న వైపు చర్చి నుంచి ఇద్దరు పెద్దలొచ్చారు. మా వసారాలో చాపలు పరిచాం, పిన్ని గోడ మీంచి టీ గ్లాసులు అందించింది. ఎవరు చదవాలన్న దగ్గరే గొడవ మొదలైంది. నాన్న చదివితే దాటేస్తాడని అటువాళ్లు, బాబాయి చదివితే వెటకారంగా చదువుతాడని ఇటువాళ్లు. చివరికి ఎనిమిదో తరగతి తప్పి ఇంట్లో కూర్చున్న నా మీద అందరికీ గురి కుదిరింది. చదివింది అర్థం చేసుకునే తెలివి నాకు లేదు కాబట్టి ఏ పక్కకీ మొగ్గనని వాళ్ల ధైర్యం.

చదవడంతో నా పని అయిపోలేదు. మాటల్లేవు కదా, అన్నదమ్ములు వాదించుకోవాలన్నా నేనే కావాలి. చెయ్యి చాపితే తగిలేంత దూరంలో కూర్చుని, నాన్ననడుగు అని బాబాయి, బాబాయికి చెప్పు అని నాన్న. మాటల్లేని ఇళ్లల్లో పెద్దవాళ్లు ఇలా పిల్లల చేత కబుర్లు మోయించడం మా వైపు మామూలే. ఉప్పు అడగడం, ఎద్దుల్ని అడగడం అన్నీ అలాగే జరుగుతాయి. దేవుడున్నాడా లేడా అన్న సంగతిని కూడా మోసిన పిల్ల మా జిల్లాలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

మొదటి పేజీలోనే ఇరుక్కున్నాం. మొదటి రోజు వెలుగు, మూడో రోజు చెట్టూ చేమా, నాలుగో రోజు సూర్యుడు. చిన్నప్పటి నుంచీ వింటున్నదే, ఎప్పుడూ వరస చూసుకోలేదు. బాబాయి చూశాడు.

"మీ నాన్ననడుగమ్మా, ఎండ లేకుండా మొక్క ఎట్టా బతికిందంట? ఆయన మిరప తోట ఎండ లేకుండానే పెంచుతున్నాడా?"

నేను నాన్న వైపు తిరిగి అదే అడిగాను. ఆయన చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. చర్చి పెద్దలు చాప అల్లిక చూస్తూ కూర్చున్నారు.

"మీ బాబాయికి చెప్పు," అన్నాడు చివరికి. "ముసురు పట్టి మూడ్రోజులు ఎండ మొహం చూడకపోతే వాడి తోటేమన్నా చచ్చిపోయిందా? దేవుడు పెట్టిన ఎడం ఒక్క రోజేగా."

యూనియన్ స్నేహితుడు అప్రయత్నంగా తలూపాడు, ఎంతైనా మిరప రైతు. బాబాయి అతని వైపు చూసిన చూపుకి మర్నాడు అతను రాలేదు.

అక్కడి నుంచి విడ్డూరాలు మొదలయ్యాయి. తప్పులు వెతకడానికి బాబాయి పగలు కూడా బైబిలు పట్టుకు తిరిగేవాడు. గట్టు మీద కూర్చుని చదువుతుంటే చూసినవాళ్లు, ఇతనికి మారుమనసు కలిగిందని చర్చిలో సాక్ష్యం చెప్పారు. నాన్నేమో జవాబులు వెతకడానికి బాబాయి దగ్గరున్న నాస్తికుల పుస్తకాలు నా చేత దొంగచాటుగా తెప్పించుకుని చదివాడు. అవి పరుపు కింద దొరికాక అమ్మ ఆయన కోసం ఉపవాసం పట్టింది. రోజూ ప్రార్థనకు పోతున్నావంట ఏంటని యూనియన్ వాళ్లు బాబాయిని నిలదీశారు. నాస్తికులకు టీలిస్తున్నావంట ఏంటని చర్చి వాళ్లు నాన్నను నిలదీశారు. మా అమ్మకు కళ్లు కనపడవు, ఏం చేయమంటారని అన్నదమ్ములిద్దరూ ఒకటే జవాబు చెప్పారు.

జలప్రళయం కథలో ఓడ దగ్గరికొచ్చేసరికి మా చేలల్లో తెల్లదోమ పడింది. పత్తాకులు జిగురు కారి నల్లబడ్డాయి. ఎన్ని మందులు కొట్టినా, దులిపితే పిండి చల్లినట్టు లేచి మళ్లీ అక్కడే వాలేది. ఆ సాయంత్రం జంతువులన్నీ జతలు జతలుగా ఓడెక్కే చోటు చదువుతున్నాను.

"మీ నాన్ననడుగమ్మా," అన్నాడు బాబాయి. "అన్నిటినీ ఎక్కించుకున్నాడు సరే, ఆ తెల్లదోమనెందుకు ఎక్కించుకున్నట్టు? అప్పుడే దులిపేసుంటే మనకీ తిప్పలు తప్పేవిగా."

చర్చి పెద్దలతో సహా అందరూ నవ్వారు. నాన్న నవ్వలేదు. పొద్దున పత్తి చేలో మోకరించినప్పటి మట్టి ఆయన పంచెకు అలాగే ఉంది. మాట మోద్దామని నేను నోరు తెరిచాను. ఆయన నా వైపు చూడనే లేదు.

"నాకూ తెలవదురా," అన్నాడు నేరుగా బాబాయితో. "పొద్దున నేనూ అదే అడిగొచ్చా."

బాబాయి నవ్వు ఆగిపోయింది. టీ గ్లాసు కింద పెట్టి, "ఏ మందు కొట్టావన్నా?" అన్నాడు.

ఇక ఆ సాయంత్రమంతా మందుల సంగతే. ఓడ ఎక్కడిదక్కడే ఉండిపోయింది. పుస్తకంలో వేలు పెట్టుకుని, పనిలోంచి తీసేసిన మనిషిలా నేనూ ఉండిపోయాను. నాయనమ్మ గుంజకు ఆనుకుని కళ్లు మూసుకుంది. నిద్రపోలేదు. కొంగు చివర వేళ్లతో మెలిపెడుతూనే ఉంది.

తర్వాత చిలకలూరిపేటలో కంటి ఆపరేషన్లు ఉచితంగా చేస్తున్నారంటే కొడుకులిద్దరూ కలిసి తీసుకెళ్లారు. చూపు దేవుడిస్తున్నాడా డాక్టరిస్తున్నాడా అని బస్సులో దారి పొడుగునా వాదించుకున్నారట, కండక్టరు కూడా ఓ మాటేశాడట. కొన్నాళ్లకి సోడాసీసా అడుగు లాంటి అద్దాలతో కళ్లజోడొచ్చింది. ఇల్లంతా సంబరం. రెండు సాయంత్రాలు గడిచాక గానీ జరిగిన నష్టం తెలియలేదు. నాయనమ్మకు చూపొచ్చేసింది, తనే చదువుకుంటుంది. ఇక బాబాయి ఏ మొహం పెట్టుకుని చర్చి పెద్ద ఇంటికి రావాలి? నాన్న ఏ మొహం పెట్టుకుని పిలవాలి? వసారా బోసిపోయింది. చుట్టి పెట్టిన చాపల్ని నాయనమ్మ చూస్తూ కూర్చునేది, ఇప్పుడు బాగా కనపడుతున్నాయి కదా.

మూడోనాడు సాయంత్రం కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఈ అద్దాల్తో ఊరంతా కనపడతంది గానీ, అక్షరాలు నిలబడటల్లేదురా," అంది నాన్నతో.

ఆ పొద్దున్నే కల్లంలో కాయలు ఏరుతూ, నా ఒళ్లో ఎర్రకాయల్లో కలిసిపోయిన తెల్లటి తాలు కాయని వేలు పెట్టి చూపించి, బస్తా మీది చీమల్లాంటి అక్షరాలు కూడా అమ్మకీ నాకూ చదివి వినిపించిన మనిషి. అమ్మ నా వైపు చూసింది, నేను అమ్మ వైపు చూశాను. నేను నోరు మూసుకోవడం మా ఇంట్లో అదే మొదలు.

నాన్న నమ్మాడో లేదో ఇప్పటికీ తెలియదు. లేచి గోడ వైపు నడిచాడు. అటు ఏం చెప్పి రావాలో అడుగుదామని అలవాటుగా నేనూ లేచాను. కూర్చోమని చెయ్యూపాడు.

"ఒరేయ్, వస్తన్నావా?" అని గోడ మీంచి తనే కేకేశాడు.

"వస్తన్నా అన్నా. యాడ ఆపాం, ఓడ దగ్గరేగా?" అని అటునుంచి బాబాయి.

నాన్న జవాబు చెప్పేలోపే నాయనమ్మ చాప విప్పుకుంటూ అందుకుంది. "మళ్లీ మొదట్నుంచి తీయండిరా. సూర్యుడి సంగతి ఇంకా తేలలేదుగా."