నల్లపలకకు పెట్టిన బొట్టు

ఆ రోజుల్లో నాకు పురుగులంటే భయం ఉండేది కాదు. ఇప్పుడుంది. మా పాప దోమతెరలోకి ఒక్క దోమ దూరిందంటే చాలు, ఫోను లైటు వేసి నాలుగు మూలలూ వెతికి దాన్ని పట్టేదాకా నాకు నిద్ర రాదు. (పట్టాక కూడా రాదు. దాని చెల్లెలు ఇంకా లోపలే ఉందేమోనని అనుమానం.) ఇదే మనిషి ఒకప్పుడు కందిచేను మీద ఎగిరే పురుగులను కూర్చున్న చోటి నుంచే లెక్కపెట్టే ఉద్యోగం చేసిందంటే మా ఆయన నమ్మడు. నమ్మినా నవ్వుతాడు. పాప ఇప్పుడే కళ్లు మూసింది. మళ్లీ లేచేలోగా ఆ సంగతి రాసి పెట్టుకుంటాను.

మార్కాపురంలో ఫిజిక్సుతో డిగ్రీ పూర్తి చేసిన ఏడాదే నాకు ఆ ఉద్యోగం వచ్చింది. ఒక పరిశోధన సంస్థ వాళ్లు గిద్దలూరు అవతల, నల్లమల వాలుకు ఆనుకొని ఉన్న కందిచేను పక్కన రేకుల షెడ్డు వేసి అందులో లేజరు మిషను పెట్టారు. పని వినడానికి తేలికే. కంటికి కనపడని సన్నటి కాంతిని చేను మీదుగా, మనిషి తలకన్నా ఎత్తులో, నాలుగు వందల మీటర్ల దూరం పంపాలి. ఆ దారికి అడ్డంగా ఏ పురుగు ఎగిరినా దాని ఒంటి మీద పడి కొంచెం కాంతి వెనక్కి వస్తుంది. కెమెరా దాన్ని పట్టుకుని, ఎంత దూరంలో ఉందో చూపిస్తూ షెడ్డులోని కంప్యూటరు తెర మీద చుక్కగా వేస్తుంది. ఆ మెరుపు సెకనుకు ఎన్నిసార్లు వణికిందో చూస్తే రెక్కలు ఎంత వేగంగా కొడుతున్నాయో తెలుస్తుంది, దాన్నిబట్టి అది దోమలాంటిదా, తేనెటీగలాంటిదా, దీపాల చుట్టూ తిరిగే రెక్కల పురుగా అని అంచనా వేయొచ్చు. వల వేయనక్కర లేదు, ఒక్క పురుగునూ చంపనక్కర లేదు. కాకపోతే అవతలి కొసన మిగిలిన కాంతిని మింగేయడానికి నల్లటిదేదైనా నిలబెట్టాలి. లేకపోతే కొండరాళ్లకు తగిలి వెనక్కి వచ్చే వెలుగులో పురుగుల మెరుపులు మునిగిపోతాయి. అందుకని రెండు గుంజలకు తలుపంత పలక కట్టి, దానికి ప్రత్యేకమైన నల్లగుడ్డ బిగించారు. నా ఉద్యోగమంతా ఆ నల్లపలకను కాపాడటమే. (ఇంట్లో మాత్రం "సైంటిస్టు" అని చెప్పాను.)

ఆ పలక దగ్గరే గొర్రెలు, మేకలు కాసే ఒక తాత గుడిసె, మంద. మా ప్రాంతంలో కొత్త మిషను ఏది దిగినా అది బోరు పాయింటు చూడటానికేనని అందరికీ నమ్మకం. తాత రోజూ నన్ను అదే అడిగేవాడు.

"ఏంది పాపా, నీళ్లు యాడ పడతాయో తేలిందా?"

"నీళ్లకు కాదు తాతా, పురుగుల్ని లెక్కపెట్టే మిషను ఇది."

"పురుగులకా! దానికింత మిషనెందుకు? నన్నడిగితే చెప్పనా? పురుగులు బాగనే ఉండాయి, కాయలే లేవు."

నాకు ఉక్రోషం వచ్చేది. పైగా ఆయన మేకలు పోతూ వస్తూ మా గుంజలకు వీపు రుద్దుకునేవి, పలక వేలెడు కదిలేది, ఆ రోజు లెక్కంతా పాడయ్యేది. ఒకరోజు ఉండబట్టలేక, "మీ మేకలకు కొంచెం బుద్ధి చెప్పు తాతా, ఇది గవర్నమెంటు లెక్క" అని గద్దించాను. (అది గవర్నమెంటుదో కాదో నాకే సరిగ్గా తెలియదు.) ఆయన కర్ర మీద గడ్డం ఆనించి నన్ను తీరిగ్గా చూశాడు. "మా మేకలు పుట్టినకాడ్నుంచి ఈ దారినే పోతాండాయి. నీ పలకొచ్చి నెల కాలే. ఎవరికి చెప్పాల పాపా బుద్ధి?" అన్నాడు. ఆ తర్వాత వారం రోజులు మా మధ్య మాటల్లేవు.

ఆ వారంలోనే సార్ కబురు చెప్పాడు. సార్ అంటే కోస్తా నుంచి వచ్చిన మా ప్రాజెక్టు సార్, ఎప్పుడు చూసినా గళ్ల చొక్కానే. "శుక్రవారం సాయంత్రం మన సంస్థ పెద్ద మేడం వస్తున్నారు. ఈ మెట్టనేలలో చూడటానికి ఏం పురుగులుంటాయని ఆవిడ సందేహం. లెక్క సరిగ్గా కనపడకపోతే మిషను లారీ ఎక్కి వేరే జిల్లాకు వెళ్లిపోతుంది," అన్నాడు. మిషను పోతే నా ఉద్యోగమూ పోతుంది. అంతకన్నా, మా కందిచేను మీద ఏమీ లేదని ఎవరో రాసుకుని పోతారే అన్నది నన్ను ఎక్కువ కోసింది. సూర్యుడు కొండ వెనక్కి దిగే వేళ తెర మీద పొంగుకొచ్చే చుక్కలను నేను రోజూ చూస్తున్నాను మరి.

శుక్రవారం పొద్దున్నే అమ్మ ఫోను. "పెద్దోళ్లు వస్తాండారంటివే, మిషనుకు బొట్టు పెట్టినావా?"

"మా, దాని అద్దం ముట్టుకోకూడదు."

"అద్దానికి గాకపోతే ఇంకోదానికి పెట్టు. అంత మిషనులో బొట్టుకు చోటే లేదా?"

ఉందని నాకు తోచింది. నా భయం అలాంటిది. లేజరు ఇంకా వేయలేదు కదా అని పసుపు, కుంకుమ తీసుకుని, నిచ్చెనెక్కి, నల్లపలకకు అరచేతంత బొట్లు మూడు పెట్టి, కిందికి దిగి దండం పెట్టుకున్నాను. దసరాకు లారీకి కూడా అంత అందంగా ఎవరూ పెట్టి ఉండరు. మూడేళ్లు చదివిన ఫిజిక్సు ఆ నిచ్చెన మీద ఒక్క మాటైనా చెప్పలేదు నాకు.

నాలుగింటికి సార్ షెడ్డులో మిషను వేసి నాకు ఫోను చేశాడు. "నాలుగు వందల మీటర్ల దగ్గర ఏంటమ్మా, దీపావళిలా వెలుగుతోంది?"

నాకు అప్పుడు అర్థమైంది. "పలకకు కొంచెం పసుపు అంటినట్టుంది సార్."

"పసుపా! కందిచేలోకి పసుపెలా వచ్చింది?"

నేను లేజరు ఆపమని చెప్పి, నిచ్చెనెక్కి తడిగుడ్డతో తుడిచాను. మూడు బొట్లూ కలిసి పలకంతా పెళ్లికూతురి ముఖంలా పచ్చబడింది. వేరే గుడ్డ లేదు. నా నల్లచున్నీ కప్పి, దిగి పక్కకు వచ్చి, "ఇప్పుడు వేయండి సార్" అన్నాను. "ఇంకా పెరిగిందమ్మా!" నా నల్లగొడుగు విప్పి కట్టాను. అదీ అంతే. మన కంటికి నలుపైన రంగులన్నీ లేజరుకు నలుపు కావని ఆ సాయంత్రమే తెలిసింది నాకు. "రంగు అద్దింది కాదు, పుట్టుకతోనే నల్లగా ఉండేది ఏదైనా మందంగా దొరికితే..." అని సార్ ఫోనులో నసుగుతున్నాడు. అప్పుడు నాకు తాత భుజం మీది నల్లగొర్రె బొచ్చు గొంగళి గుర్తొచ్చింది.

మంద వైపు పరిగెత్తాను. అక్కడ చూస్తే, చేను గట్టున ఆగిన జీపు, గుడిసె ముందు మజ్జిగ గ్లాసు పట్టుకుని పెద్ద మేడం. డ్రైవరు దారి తప్పి ఇటే వచ్చినట్టున్నాడు. ఇంటికొచ్చిన పెద్దమనిషిని వట్టి నేల మీద కూర్చోబెట్టరు కదా, తాత భార్య, అంటే అవ్వ, మడతపెట్టిన గొంగళి పరిచి దాని మీద కూర్చోబెట్టింది.

"తాతా, గొంగళి కావాలి. అర్జంటు," అన్నాను రొప్పుతూ.

తాత వారం తర్వాత నోరు విప్పాడు. "మేకలకు బుద్ధి చెప్పమంటివి గదా పాపా. గొంగళికేం చెప్పాల?"

"తప్పయింది తాతా. ఇంకోటి ఉంటే ఇవ్వు."

"ఉండేదదొక్కటే. కూచున్న మనిషి కిందనుంచి గొంగళి లాగడం మా ఇంట ఎన్నడూ లేదు," అంది అవ్వ కటువుగా.

ఇక దారి లేదు. పచ్చటి చేతులు రెండూ జోడించాను. "మేడం, కొంచెం లేస్తారా? మీరు మా పరికరం మీద కూర్చున్నారు."

మేడం నన్ను, నా చేతుల్ని మార్చి మార్చి చూసింది. నేను మొత్తం చెప్పేశాను, అమ్మ ఫోనుతో సహా. "ఏం చదివావు?" అంది. "ఫిజిక్స్, మేడం." ఆ మాట నా నోటి నుంచి అంత చిన్నగా ఎప్పుడూ రాలేదు. ఆవిడ చల్ల చివరి గుక్క తాగి, గ్లాసు అవ్వ చేతికిచ్చి, లేచి, గొంగళి ఒక కొస తానే పట్టుకుంది. "రా మరి, పొద్దు దిగుతోంది," అంది. "అయ్యో, మేడమ్మను నిలబెట్టింది, పని కూడా చేపిస్తాంది చూడు ఈ పిల్ల!" అని అవ్వ మా వెనకే వచ్చింది. తాత మాత్రం నిచ్చెన పట్టుకుని ఒకటే షరతు పెట్టాడు. "నా గొంగళికి బొట్టు పెట్టినావంటే ఊరుకోను."

గొంగళిని పలకకు బిగించి, అందరం షెడ్డుకు చేరి తెర ముందు నిలబడ్డాం. సార్ మిషను వేశాడు. కొసన వెలుగు లేదు. పూర్తిగా చీకటి కాదు గానీ, సరిపడా నలుపు. కొండ నీడ చేను మీదికి పాకే కొద్దీ ఒక చుక్క, రెండు, పది, తర్వాత చిటపట చినుకుల్లా తెరంతా చుక్కలు. వాటి మీద నొక్కి, "ఇది చాలా వేగంగా కొడుతోంది, దోమ జాతిది. ఇది నిదానం, రెక్కల పురుగై ఉండాలి. ఇదిగో, ఇది తూనీగ కావచ్చు," అని చెప్పుకుంటూ పోయాను. మేడం కళ్లజోడు సవరించుకుని తెరకు ఇంకా దగ్గరగా వంగింది.

ముందు మాట్లాడింది తాతే. "ఇన్ని రకాలుండాయా మా చేనులో! నేను రెండే అనుకుంటి. కాయను తొలిచేది, మనిషిని కుట్టేది." ఆ మాటలో గర్వం వినపడింది నాకు, ఆ పురుగులన్నింటినీ ఆయనే మేపి పెంచినట్టు. మేడం నవ్వి, సార్ వైపు తిరిగి, "లారీకి చెప్పకండి. పంట అయ్యేదాకా ఇక్కడే ఉండనీయండి," అంది. సార్ ఊపిరి వదిలాడు. తాత వదల్లేదు. "మిషను ఉంటే ఉండనీ సారూ. నా గొంగళి ఎప్పుడిస్తారు? రాత్రి నేనేం కప్పుకోవాల?"

కొత్త నల్లగుడ్డ వచ్చేదాకా రోజూ సాయంత్రం తాత తానే గొంగళి తెచ్చి కట్టేవాడు, పని అయ్యాక విప్పి కప్పుకుని పోయేవాడు. మేకలు గుంజల దగ్గరికి రాకుండా అదిలించేవాడు కూడా, "అది మన పలక" అంటూ. కొత్త గుడ్డ వచ్చిన రోజు ఆయన ముఖం చిన్నబోయింది. "ఇది మా గొర్రె అంత నలుపు లేదులే," అన్నాడు. సార్ రాసిన నివేదికలో చివరి పేజీలో నా పేరుంది. దాని కింద, నేను పట్టుబట్టి రాయించిన వాక్యం ఉంది, గొంగళి ఇచ్చిన తాతకు కృతజ్ఞతలని. ఆ పేజీ జిరాక్సు ఇప్పటికీ నా పెళ్లిచీరల మధ్య ఉంది. అమ్మ మాత్రం ఈనాటికీ అదంతా బొట్టు మహిమే అంటుంది. కాదనడానికి నా దగ్గర రుజువు లేదు.

ఈ సాయంత్రం పాప బుగ్గ మీద దిష్టిచుక్క దిద్దుతుంటే మా ఆయన, "ఫిజిక్స్ చదివిన మనిషివి!" అని నవ్వాడు. "నలుపు అన్నీ మింగేస్తుంది, నాకు తెలుసు," అన్నాను. ఇది సైన్సు కాదనీ నాకు తెలుసు. కానీ పిల్ల మీద భయం ఆ నిచ్చెనెక్కిన రోజు భయం కన్నా పెద్దది. అప్పుడు నల్లదానికి పసుపు పెట్టాను, ఇప్పుడు పచ్చటి బుగ్గకు నలుపు పెడుతున్నాను. చూశారా, ఇన్నేళ్లకు సరైన రంగు సరైన చోట పెట్టడం నేర్చుకున్నాను. ఇదిగో, దోమతెరలో మళ్లీ ఏదో సన్నగా పాడుతోంది. ఆ వేగానికి దోమే, సందేహం లేదు. ఎంత దూరంలో ఉందో చెప్పడానికి మాత్రం ఇప్పుడు నా దగ్గర మిషను లేదు, ఫోను లైటే ఉంది.